టాలీ డేబుక్ ఎక్స్‌ఎంఎల్ నుంచి తేదీ, పార్టీ, మొత్తం తీయడం: గ్రెప్ ఎందుకు తప్పుతుంది, ఎక్స్‌పాత్‌తో ఎలా చేయాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి డేబుక్‌ను, అంటే రోజువారీ లావాదేవీల (వోచర్ల) జాబితాను, ఎక్స్‌ఎంఎల్‌గా (ట్యాగుల మధ్య విలువలు ఉండే ఫైలుగా) ఎగుమతి చేశారు. వరుసల్లో పదాలు వెతికే గ్రెప్ ఆదేశంతో తేదీలు ఒక ఫైల్లోకి, పార్టీ పేర్లు ఇంకో ఫైల్లోకి, మొత్తాలు మూడో ఫైల్లోకి తీసి, పేస్ట్ ఆదేశంతో పక్కపక్కన అంటించారు. పై వరుసలు సరిగానే ఉన్నాయి, కిందికి వెళ్లేకొద్దీ ఒకరి బిల్లు ఇంకొకరి పేరు మీద పడుతోంది. మొత్తాల ఫైల్లో వరుసలు వోచర్ల కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువున్నాయి. ఎక్స్‌ఎంఎల్‌ను చదివి పరీక్షించే ఎక్స్‌ఎంఎల్‌లింట్ పెడితే అసలు ఫైలే తెరుచుకోలేదు. ఈ మూడూ వేర్వేరు సమస్యలు, మూడింటికీ మందు ఉంది.

ముందుగా ఒక మాట. ఆదేశాలు, ట్యాగుల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. టాలీ ట్యాగులన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఎక్స్‌పాత్‌కు, అంటే ఎక్స్‌ఎంఎల్‌లో ఏ ట్యాగు కావాలో దారి చెప్పే భాషకు, పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టింపు ఉంది కాబట్టి అలాగే కొట్టాలి. ఆదేశాల పేర్లు, ఆప్షన్లు మాత్రం చిన్న అక్షరాలు. పొట్టి ఆప్షన్లలో ఒకే అక్షరం చిన్నదైతే ఒక అర్థం, పెద్దదైతే ఇంకో అర్థం ఉంటుంది, అందుకే పొడుగు ఆప్షన్లే వాడాను.

పేస్ట్ దగ్గర జరిగిన తప్పు అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఎక్కడా ఎర్రర్ రాదు. జర్నల్ (సర్దుబాటు పద్దు), కాంట్రా (నగదు, బ్యాంకు మధ్య బదిలీ) వోచర్లలో పార్టీ పేరు ట్యాగు లేకపోవచ్చు. అలాంటి వోచర్ ఒక్కటి తగిలితే చాలు, పేర్ల ఫైల్లో ఒక వరుస తగ్గిపోతుంది, అక్కణ్ణుంచి కింద ఉన్న పేర్లన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. గ్రెప్‌కు తెలిసింది వరుస ఒక్కటే, ఏ పేరు ఏ వోచర్ లోపలిదో దానికి తెలియదు. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ సంబంధమే అసలు సమాచారం. కాబట్టి విలువలను విడివిడిగా తీసి తర్వాత కలపడం కాకుండా, ఒక్కో వోచర్ దగ్గర నిలబడి దాని లోపల కావలసినవన్నీ ఒకేసారి అడగాలి. ఏదైనా లేకపోతే ఆ గడి ఖాళీగా మిగులుతుంది, పక్క వరుస కదలదు.

అడిగే ముందు ఫైలు తెరుచుకోవాలి. టాలీ ఎక్స్‌ఎంఎల్ తెరుచుకోకపోవడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి.

ఒకటి ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి. అన్ని భాషలూ వచ్చేలా ఎగుమతి చేస్తే ఫైలు యూటీఎఫ్-16లో వస్తుంది. అందులో ప్రతి ఇంగ్లీషు అక్షరం పక్కనా ఒక సున్నా బైటు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో చక్కగా కనిపిస్తుంది, కానీ గ్రెప్‌కు, వెతికి మార్చే సెడ్‌కు ఆ పదాలు అసలు కనిపించవు. ‘ఫైల్’ అనే ఆదేశానికి ఆ ఫైలు పేరు ఇచ్చి చూడండి, యూటీఎఫ్-16 అయితే చెప్పేస్తుంది. ఆస్కీకి (ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లాంటివాటికి) మాత్రమే పరిమితం చేసే ఎంపికతో ఎగుమతి చేస్తే ఈ బాధ ఉండదు కానీ, తెలుగులో రాసుకున్న లెడ్జర్ (ఖాతా) పేర్లు పోతాయి. అవి తర్వాత ఏ పనిముట్టుతోనూ తిరిగి రావు. అందుకని యూనికోడ్‌లోనే తీసి, మార్చుకోవడం మేలు:

ఐకాన్వ్ --ఫ్రమ్-కోడ్=యూటీఎఫ్-16 --టు-కోడ్=యూటీఎఫ్-8 డేబుక్.ఎక్స్‌ఎంఎల్ > దశ1.ఎక్స్‌ఎంఎల్

మార్చాక మొదటి వరుస చూడండి. అక్కడ ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్ ఉండి అందులో యూటీఎఫ్-16 అని రాసి ఉంటే, దాన్ని యూటీఎఫ్-8 అని దిద్దండి. లోపల ఒకటి, బోర్డు మీద ఇంకొకటి ఉంటే పార్సర్ (ఫైలును చదివే ప్రోగ్రాం) ఫిర్యాదు చేస్తుంది. ఫైలు నేరుగా ఎన్వలప్ ట్యాగుతో మొదలైతే దిద్దాల్సింది ఏమీ లేదు, డిక్లరేషన్ లేని ఫైలును యూటీఎఫ్-8గానే చదువుతారు.

రెండో కారణం, మీకు వచ్చిన ఎర్రర్ కూడా ఇదే అయి ఉండాలి: ఎక్స్‌ఎంఎల్‌లింట్ చెల్లని అక్షరం, విలువ 4 అంటుంది. టాలీ తన సొంత పేర్లకు, అంటే ప్రైమరీ, ఎనీ లాంటివాటికి, ముందు ఒక కంట్రోల్ అక్షరం పెట్టుకుంటుంది. ఎగుమతిలో అది &#4; అని పడుతుంది. ఎక్స్‌ఎంఎల్ 1.0లో 32 కంటే తక్కువ కోడు ఉన్న అక్షరాల్లో 9, 10, 13 మాత్రమే చెల్లుతాయి, అంటే ట్యాబు, కొత్త వరుస, క్యారేజ్ రిటర్న్. మిగతావి ఇలా సంఖ్య రూపంలో రాసినా చెల్లవు. ఫైల్లో ఒక్కటి ఉన్నా పార్సర్ అక్కడే ఆగిపోతుంది. దాన్ని తీసేసే సెడ్ ఆదేశం:

సెడ్ --రెగెక్స్‌ప్-ఎక్స్‌టెండెడ్ 'ఎస్/&#([1-8]|1[124-9]|2[0-9]|3[01]);//జి' దశ1.ఎక్స్‌ఎంఎల్ > దశ2.ఎక్స్‌ఎంఎల్

ఈ నమూనా 9, 10, 13లను కావాలనే వదిలేస్తుంది. క్రమం మాత్రం తప్పకూడదు. యూటీఎఫ్-16 ఫైలు మీద నేరుగా సెడ్ పెడితే అది ఏమీ దొరకలేదనుకుని ఫైలును యథాతథంగా రాసేస్తుంది, మీరేమో శుభ్రమైంది అనుకుంటారు.

ఇక్కడ చాలామంది ఎక్స్‌ఎంఎల్‌లింట్‌కు --రికవర్ ఆప్షన్ ఇమ్మని సలహా ఇస్తారు. లెక్కల ఫైళ్ల మీద ఆ పని చేయకండి. అది చెడ్డచోట తోచినట్టు అతుకు వేసి ముందుకు పోతుంది. ఏం వదిలేసిందో మీకు తెలియదు. కారణం తెలిసిన తప్పును సెడ్‌తో తీసేయడం వేరు, కారణం తెలియకుండా కళ్లు మూసుకుని దాటడం వేరు.

శుభ్రమైన ఫైలును ఎక్స్‌ఎంఎల్‌లింట్ --నోఅవుట్ దశ2.ఎక్స్‌ఎంఎల్ అని పరీక్షించండి. టాలీయూడీఎఫ్ అనే నేమ్‌స్పేస్ (ట్యాగు పేర్లకు ఇంటిపేరు లాంటిది) పూర్తి చిరునామా కాదని ఒక హెచ్చరిక రావచ్చు. అది హెచ్చరికే, దానివల్ల నష్టం లేదు. దాన్ని చూడలేక ఎర్రర్లన్నిటినీ డెవ్‌నల్‌లోకి (పడేసినవి మాయమయ్యే చోటు) తోసేయడం మాత్రం తప్పు, రేపు నిజమైన ఎర్రర్ కూడా అందులోనే కొట్టుకుపోతుంది. ఉబుంటు, డెబియన్‌లలో, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో కూడా, ఎక్స్‌ఎంఎల్‌లింట్ కావాలంటే లైబ్‌ఎక్స్‌ఎంఎల్2-యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. పట్టిక తీయడానికి కింద వాడే ఎక్స్‌ఎంఎల్‌స్టార్లెట్ అనే పనిముట్టుకు అదే పేరుతో ప్యాకేజీ ఉంది. కొన్ని ఇతర లినక్స్‌లలో వేసుకున్నాక ఆదేశం పేరు ఉత్త ‘ఎక్స్‌ఎంఎల్’ అని ఉంటుంది, దొరకలేదని కంగారు పడకండి.

ఇప్పుడు ఫైలు లోపలి రూపం. 18 శాతం జీఎస్టీతో పదివేల రూపాయల అమ్మకం ఒకటి, అనవసరమైన ట్యాగులు తీసేస్తే, ఇలా ఉంటుంది:

<వోచర్ వీసీహెచ్‌టైప్="సేల్స్">
  <డేట్>20240403</డేట్>
  <వోచర్‌నంబర్>17</వోచర్‌నంబర్>
  <పార్టీలెడ్జర్‌నేమ్>రావు &amp; సన్స్</పార్టీలెడ్జర్‌నేమ్>
  <ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్>
    <లెడ్జర్‌నేమ్>రావు &amp; సన్స్</లెడ్జర్‌నేమ్>
    <ఎమౌంట్>-11800.00</ఎమౌంట్>
    <బిల్‌అలొకేషన్స్.లిస్ట్>
      <ఎమౌంట్>-11800.00</ఎమౌంట్>
    </బిల్‌అలొకేషన్స్.లిస్ట్>
  </ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్>
  (అమ్మకాల లెడ్జర్ 10000.00, సీజీఎస్టీ 900.00, ఎస్జీఎస్టీ 900.00: ఇలాంటివే ఇంకో మూడు)
</వోచర్>

మొత్తాలు మూడు నాలుగు రెట్లు ఎందుకు వచ్చాయో ఇక్కడే కనిపిస్తుంది. ఎమౌంట్ అనే ట్యాగు ఒక్క వోచర్‌లోనే ఎన్నోచోట్ల ఉంటుంది: ప్రతి లెడ్జర్ వరుసలో ఒకటి, దాని లోపల బిల్లు వారీ వివరాల్లో మళ్లీ అదే మొత్తం. సరుకు వారీ ఇన్‌వాయిస్ అయితే స్టాక్ ఐటమ్ దగ్గర, బ్యాచ్ దగ్గర, అకౌంటింగ్ కేటాయింపు దగ్గర కూడా. ఎక్స్‌పాత్‌కు మారినా //ఎమౌంట్ అని రాస్తే ఇదే గొడవ. రెండు గీతలంటే ‘ఎంత లోతులో ఉన్నా సరే’ అని అర్థం. లెక్కల్లో ఆ మాట దాదాపు ఎప్పుడూ తప్పే. రెండు గీతలు వోచర్‌ను పట్టుకోవడం వరకే వాడండి, అక్కణ్ణుంచి లోపలికి ఒక్కో మెట్టు దిగండి.

డెబిట్‌కు ఇక్కడ మైనస్ గుర్తు. టాలీ పద్ధతి అదే, తప్పు కాదు. పార్టీ మొత్తం కావాలంటే పార్టీ లెడ్జర్ ఉన్న వరుసను పట్టుకోవాలి. ఆ వరుస కొన్ని వోచర్లలో ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్ పేరుతో, ఇన్‌వాయిస్ పద్ధతిలో లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్ పేరుతో వస్తుంది. రెండింటికీ సరిపోయేలా పేరు బదులు నక్షత్రం వేసి, షరతు పెట్టొచ్చు:

*[లెడ్జర్‌నేమ్=../పార్టీలెడ్జర్‌నేమ్]/ఎమౌంట్

దీని అర్థం: వోచర్‌కు నేరుగా పిల్లలైన వాటిలో, తన లెడ్జర్ పేరు, తల్లి దగ్గరున్న పార్టీ పేరు ఒకటే అయినదాన్ని పట్టు, దాని ఎమౌంట్ ఇవ్వు. టాలీ రాసే ఖాళీ లిస్ట్ ట్యాగుల్లో లెడ్జర్ పేరే ఉండదు కాబట్టి అవి వాటంతట అవే తప్పుకుంటాయి. ట్యాగు పేరులోని చుక్కను చూసి భయపడనక్కర్లేదు, ఎక్స్‌పాత్‌లో అది పేరులో భాగమే. పవర్‌షెల్‌లో మాత్రం చుక్కకు వేరే అర్థం ఉంది, అక్కడ ఆ పేరును కోట్స్‌లో పెట్టాలి.

పూర్తి ఆదేశం ఇదీ:

ఎక్స్‌ఎంఎల్‌స్టార్లెట్ సెల్ --టెక్స్ట్ --టెంప్లేట్ \
--మ్యాచ్ "//వోచర్[నాట్(ఈజ్‌క్యాన్సిల్డ్='యెస్')]" \
--వాల్యూ-ఆఫ్ "డేట్" --అవుట్‌పుట్ $'\011' \
--వాల్యూ-ఆఫ్ "వోచర్‌నంబర్" --అవుట్‌పుట్ $'\011' \
--వాల్యూ-ఆఫ్ "నార్మలైజ్-స్పేస్(పార్టీలెడ్జర్‌నేమ్)" --అవుట్‌పుట్ $'\011' \
--వాల్యూ-ఆఫ్ "సమ్(*[లెడ్జర్‌నేమ్=../పార్టీలెడ్జర్‌నేమ్]/ఎమౌంట్)" --ఎన్ఎల్ \
దశ2.ఎక్స్‌ఎంఎల్ > ఫలితం.టీఎస్‌వీ

ట్యాగుల్లోని విలువ ‘యెస్’లో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది, అది గమనించండి. ఫంక్షన్ల పేర్లు (నాట్, సమ్, నార్మలైజ్-స్పేస్) అన్నీ చిన్న అక్షరాలు. ఆప్షనల్ వోచర్లు ఖాతాల్లోకి ఎక్కవు కాబట్టి వాటినీ వదిలేయాలంటే, ఈజ్‌ఆప్షనల్ ట్యాగు మీద ఇలాంటి షరతే ఇంకోటి పక్కన చేర్చండి.

ఇందులో మూడు చిన్న జాగ్రత్తలు దాగున్నాయి. --టెక్స్ట్ లేకపోతే ఎక్స్‌ఎంఎల్‌స్టార్లెట్ ఫలితాన్ని కూడా ఎక్స్‌ఎంఎల్ అనుకుని రాస్తుంది, ‘రావు & సన్స్’ కాస్తా &amp; తో బయటికి వస్తుంది. ఈ ఆప్షన్ టెంప్లేట్ కంటే ముందు రావాలి. రెండోది, సమ్ ఎందుకంటే ఒకే పార్టీ ఒక వోచర్‌లో రెండు వరుసల్లో ఉంటే రెండు విలువలు వచ్చి వరుస విరిగిపోతుంది, సమ్ వాటిని కలిపి ఒక్క సంఖ్య ఇస్తుంది. దీనికి ఇంకో పక్క కూడా ఉంది: పార్టీయే లేని వోచర్‌కు ఖాళీ రాదు, సున్నా వస్తుంది. పేరు గడి ఖాళీ, మొత్తం సున్నా కనిపిస్తే అది జర్నలో కాంట్రానో అని అర్థం చేసుకోండి. మూడోది, కామా బదులు ట్యాబు. వ్యాపారుల పేర్లలో కామాలు, నేరేషన్‌లో (వోచర్ వివరణలో) కోట్స్ ఉంటాయి, ట్యాబు ఉండడం అరుదు. నేరేషన్ కూడా తీస్తే దాన్ని తప్పకుండా నార్మలైజ్-స్పేస్‌లో చుట్టండి, లేదంటే అందులోని కొత్త వరుస మీ పట్టికను రెండు ముక్కలు చేస్తుంది.

తేదీ 03-04-2024 రూపంలో కావాలంటే డేట్ బదులు ఇది పెట్టండి: కాన్‌క్యాట్(సబ్‌స్ట్రింగ్(డేట్,7,2),'-',సబ్‌స్ట్రింగ్(డేట్,5,2),'-',సబ్‌స్ట్రింగ్(డేట్,1,4)). ఎక్స్‌పాత్‌లో లెక్క 1 నుంచి మొదలవుతుంది, 0 నుంచి కాదు. నెల వారీగా వడకట్టాలంటే మాత్రం అసలు రూపమే నయం, [డేట్>=20240401 and...] అని పెట్టే చోట అది మామూలు సంఖ్యలా పోలుతుంది.

ఫలితం వచ్చింది కదా అని పంపేయకండి. జంట పద్దు ఇచ్చే ఉచిత పరీక్ష ఒకటుంది: ప్రతి వోచర్‌లో నేరుగా ఒక మెట్టు కింద ఉన్న ఎమౌంట్లు కలిపితే సున్నా రావాలి. పై ఉదాహరణలో -11800+10000+900+900. సరుకు వారీ ఇన్‌వాయిస్‌లో అమ్మకం మొత్తం స్టాక్ వరుసలో ఉంటుంది, అదీ ఒక మెట్టు కిందే కాబట్టి లెక్క కుదురుతుంది. తప్పినవాటిని మాత్రమే చూపించే షరతు:

//వోచర్[రౌండ్(100*సమ్(*/ఎమౌంట్))!=0]

వందతో గుణించి రౌండ్ చేయడం ఎందుకంటే, ఎక్స్‌పాత్ 1.0లో సంఖ్యలన్నీ బైనరీ ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలే, అంటే చాలా దశాంశాలను ఉజ్జాయింపుగానే దాచుకుంటాయి. పైసలు కలిసినప్పుడు సున్నా రావాల్సిన చోట సున్నాకు వెంట్రుకవాసి దూరంలో ఏదో వస్తుంది, రౌండ్ లేకపోతే మంచి వోచర్లు కూడా తప్పుగా కనిపిస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. విదేశీ కరెన్సీ వోచర్లలో ఎమౌంట్ ఒట్టి సంఖ్యగా కాక, డాలరు మొత్తం, మారకపు రేటు, రూపాయల మొత్తం కలిసిన వాక్యంలా ఉంటుంది. అలాంటిది ఒక్కటి తగిలితే సమ్ ‘సంఖ్య కాదు’ అనే విలువ ఇస్తుంది. అది సున్నాకు సమానం కాదు కాబట్టి ఈ జాబితాలోకే వచ్చి పడుతుంది. స్టాక్ జర్నళ్లు కూడా ఇక్కడ కనిపించవచ్చు, వాటికి ఈ నియమం వర్తించదు, వదిలేయండి.

ఒక్క విలువే కావాలంటే ఎక్స్‌ఎంఎల్‌లింట్ చాలు. కౌంట్(//వోచర్) అని --ఎక్స్‌పాత్‌కు ఇస్తే వోచర్ల సంఖ్య వస్తుంది. రద్దయినవి తీసేసి లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఫలితం ఫైల్లోని వరుసల సంఖ్యతో పోల్చండి. కానీ పట్టికలకు దాన్ని వాడకండి. యాట్రిబ్యూట్ అడిగితే విలువ ఒక్కటే కాక పేరు, కోట్స్‌తో సహా ఇస్తుంది. స్ట్రింగ్()లో చుడితే విలువ శుభ్రంగా వస్తుంది కానీ మొదటిది ఒక్కటే. పాత వెర్షన్లు టెక్స్ట్ విలువలన్నిటినీ మధ్యలో ఖాళీ కూడా లేకుండా ఒకదానికొకటి అతికించి ఇస్తాయి. ఏ విలువ ఎక్కడ ముగిసిందో తర్వాత విడదీయలేరు.

ట్రయల్ బ్యాలెన్స్ లాంటి రిపోర్టును ఎక్స్‌ఎంఎల్‌గా తీస్తే రూపం వేరు. అక్కడ పేరు, మొత్తం తల్లీపిల్లలు కాదు, పక్కపక్క తోబుట్టువులు: డీఎస్‌పీఏసీసీనేమ్, వెంటనే డీఎస్‌పీఏసీసీఇన్ఫో, మళ్లీ పేరు, మళ్లీ మొత్తం. అలాంటప్పుడు పేరు మీద మ్యాచ్ పెట్టి, మొత్తం కోసం ఫాలోయింగ్-సిబ్లింగ్::*[1] అని పక్కనున్నదాన్ని అడగాలి. ఆ [1] మరిచిపోతే కిందున్నవన్నీ వచ్చేస్తాయి.

టాలీ బయటికి వెళ్తే ఇంకో గొయ్యి ఎదురవుతుంది, దాన్నీ చెప్పాలి. దారి సరిగ్గానే రాశారు, ఎర్రర్ లేదు, ఫలితం ఖాళీ. తొంభై పాళ్లు అది నేమ్‌స్పేస్. తెలుగు వికీపీడియా డంప్, ఆటమ్ ఫీడ్, ఎక్సెల్ ఫైలును అన్‌జిప్ చేస్తే లోపల దొరికే షీట్లు: వీటన్నిటిలో మొదటి ట్యాగులోనే ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఒక చిరునామా ఉంటుంది. అప్పుడు లోపలి ‘పేజ్’ అసలు పేరు ఒట్టి పేజ్ కాదు, ఆ చిరునామా ఇంటిపేరుగా ఉన్న పేజ్. ఒట్టి //పేజ్ దానికి తగలదు. ఎక్స్‌ఎంఎల్‌స్టార్లెట్‌లో //_:పేజ్ అని అండర్‌స్కోర్, కోలన్ పెడితే ఫైలు డిఫాల్ట్ చిరునామానే తీసుకుంటుంది. ఆ దారిలోని ప్రతి మెట్టుకూ పెట్టాలి, మొదటిదానికి మాత్రమే పెడితే మళ్లీ ఖాళీయే. ఎక్స్‌ఎంఎల్‌లింట్‌లో అయితే *[లోకల్-నేమ్()='పేజ్'] అని చుట్టు తిరగాలి. టాలీలో యూడీఎఫ్ అని ముందు ఉన్న సొంత ఫీల్డులు కావాలన్నా ఇదే సంగతి, యూడీఎఫ్ అంటే టాలీయూడీఎఫ్ అని పెద్ద ఎన్ ఆప్షన్‌తో ముందుగా చెప్పాలి.

సైజు గురించి: ఈ రెండు పనిముట్లూ ఫైలంతా మెమరీలోకి చెట్టులా ఎక్కిస్తాయి, ఆ చెట్టు ఫైలు కంటే ఎన్నో రెట్లు పెద్దది. టాలీ ఒక్కో వోచర్‌కు ఖాళీ ట్యాగులే కట్టలు కట్టలుగా రాస్తుంది కాబట్టి సంవత్సరం డేబుక్ వందల మెగాబైట్లకు పోవచ్చు. నెల నెలా విడిగా ఎగుమతి చేసి ఫలితాలు కింద కింద చేర్చడం అన్నిటికంటే తేలిక. విడగొట్టలేని ఫైలైతే పైథాన్‌లో ఇటర్‌పార్స్ వాడి, ఒక్కో వోచర్ చదవగానే క్లియర్ చేయాలి. క్లియర్ మరిస్తే అదీ అంతే మెమరీ తింటుంది. జీఎస్టీ పోర్టల్ నుంచి వచ్చే జేసన్ ఫైళ్లకు ఇవేవీ పనికిరావు, వాటికి జేక్యూ అనే పనిముట్టు వాడాలి.

చివరి మెట్టు ఎక్సెల్. టీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. ఫైలు పాడవలేదు, ఎక్సెల్‌కు ఎన్‌కోడింగ్ తెలియలేదంతే. ప్రింట్‌ఎఫ్ '\357\273\277' ఫలితాన్ని ముందు కొత్త ఫైల్లోకి పంపి, దాని వెనక టీఎస్‌వీని చేర్చండి, ఆ మూడు బైట్లు చూస్తే ఎక్సెల్ యూటీఎఫ్-8 అని గుర్తిస్తుంది. ఈ పనులు విండోస్ పవర్‌షెల్ 5.1లోంచి > గుర్తుతో చేస్తే మళ్లీ యూటీఎఫ్-16 తయారవుతుంది, కాబట్టి మొత్తం డబ్ల్యూఎస్‌ఎల్ లోపలే కానివ్వండి. వోచర్ నంబర్లు 3-4 లాంటి రూపంలో ఉంటే ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తుంది, అందుకని డేటా మెనూలోంచి దిగుమతి చేసి ఆ నిలువు వరుసకు టెక్స్ట్ అని ఎంచుకోండి.